నలభై డిగ్రీల గదిలో మొదటి రోజు

1774లో లండన్‌లో జార్జ్ ఫోర్డైస్ అనే వైద్యుడు ఒక గదిని నీళ్లు మరిగే వేడికి మించి కాగబెట్టి స్నేహితుల్ని లోపలికి ఆహ్వానించాడు. వచ్చినవాళ్లు ఊసుపోక వచ్చినవాళ్లు కారు. కెప్టెన్ కుక్ ఓడలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన జోసెఫ్ బ్యాంక్స్, ఆ యాత్రలో ఆయన వెంట ఉన్న వృక్షశాస్త్రవేత్త సోలాండర్, చార్లెస్ బ్లాగ్డెన్ అనే మరో వైద్యుడు అందులో ఉన్నారు. ఒక దశలో గది వేడి 260 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు 127 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. బ్లాగ్డెన్ ఆ వేడిలో ఎనిమిది నిమిషాలున్నాడు. నాడి నిమిషానికి 144కు ఎగబాకింది కానీ ప్రాణానికేమీ కాలేదు. అదే గదిలో పెట్టిన కోడిగుడ్లు ఇరవై నిమిషాల్లో గట్టిగా ఉడికిపోయాయి. గొడ్డుమాంసం ముక్క ముప్పావుగంటలో మగ్గి దాదాపు ఎండిపోయింది. పాదాలు కాలకుండా బుట్టలో పెట్టి తీసుకెళ్లిన కుక్క మాత్రం క్షేమంగా బయటికొచ్చింది.

ఈ ప్రయోగంలో నన్ను ఆకట్టుకునేది కుక్కా కాదు, మాంసమూ కాదు. రెండు నీళ్ల పాత్రలు. ఒకదాంట్లో వట్టి నీళ్లు, రెండోదాంట్లో నీళ్లమీద తేలే మైనం. గది వేడి మరిగే స్థాయిని దాటి ఉన్నా వట్టి నీళ్లు మరగలేదు. ఎంతసేపు ఉంచినా ఒక హద్దు దగ్గర ఆగిపోయాయి. పైన కాస్త నూనె చుక్కలు వేసి ఆవిరి దారి మూసేశాక మరగడం మొదలుపెట్టాయి. ఒంటిమీది చెమట సంగతంతా ఆ పాత్రలోనే ఉంది. ఇంత చూసి కూడా బ్లాగ్డెన్ పూర్తిగా ఆ దారిన పోలేదు. ఆవిరవడం కొంత సాయపడుతుందని ఒప్పుకుంటూనే, బతికున్న శరీరానికి వేడిని మాయం చేసే శక్తేదో విడిగా ఉందని నమ్మాడు. ప్రాణశక్తి మీద మోజు శాస్త్రవేత్తల్ని కూడా అంత తేలిగ్గా వదలదు.

ఇప్పుడు అలాంటి గదిలోకి జనం డబ్బు కట్టి, చాప చంకన పెట్టుకుని వెళ్తున్నారు. దాన్ని హాట్ యోగా అంటున్నారు. అన్నిటికంటే పేరుమోసిన పద్ధతిలో గది వేడి 105 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 40.6 డిగ్రీల సెల్సియస్. గాలిలో తేమ 40 శాతం. తొంభై నిమిషాలపాటు 26 సాధనలు, వాటిలో మొదటిదీ చివరిదీ శ్వాస సాధనలు, తక్కినవి ఆసనాలు. ఫోర్డైస్ గదితో పోలిస్తే ఇది చల్లటి గదే. కాకపోతే అక్కడ బ్యాంక్స్ మిత్రబృందం ఊరికే నిలబడి ఉష్ణమాపకం చూసుకుంది. ఇక్కడ ఒంటికాలిమీద నిలబడి గరుడాసనం వెయ్యాలి. తేడా అంతా ఆ పనిలోనే ఉంది.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు బిక్రమ్ చౌదరి, కలకత్తా మనిషి. పరమహంస యోగానంద తమ్ముడు బిష్ణు చరణ్ ఘోష్ 1923లో కలకత్తాలో పెట్టిన వ్యాయామ కళాశాల సంప్రదాయం అతనిది. అక్కడ కండల సాధన, హఠయోగం పక్కపక్కనే నడిచేవి. బిక్రమ్ 1970లలో అమెరికా చేరి, బెవర్లీ హిల్స్‌లో సినిమావాళ్లకు నేర్పి, కోట్లు గడించాడు. జపాన్‌లో చలికాలం విద్యార్థులు వణుకుతుంటే హీటర్లు పెట్టించానని, వేడి ఆలోచన అక్కడే పుట్టిందని అతను చెప్పేవాడు. తన గురించి అతను చెప్పుకున్న కథల్లో చాలావాటికి ఆధారాలు దొరకలేదు కాబట్టి దీన్ని కూడా అతని మాటగానే తీసుకుందాం. ఆసనాల వరుస తన సొత్తంటూ ఇతరుల మీద దావాలు వేశాడు. 2015లో అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు అది ఒక ఆరోగ్య పద్ధతి, దానికి కాపీరైట్ వర్తించదని తేల్చింది. 2016లో అతని దగ్గర పనిచేసిన న్యాయ సలహాదారు వేసిన లైంగిక వేధింపుల కేసులో 70 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని లాస్ ఏంజిలిస్ జ్యూరీ తీర్పిచ్చింది. ఆ మరుసటి ఏడు అరెస్టు వారంటు వచ్చేనాటికి అతను దేశంలో లేడు. ఆ తరువాత చాలా స్టూడియోలు బోర్డుమీంచి అతని పేరు తీసేశాయి. వేడిని మాత్రం ఉంచుకున్నాయి.

సనాతనమని చెప్పి అమ్మే ఈ వేడి గురించి పాత గ్రంథమేమంటుందో చూస్తే కాస్త నవ్వొస్తుంది. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక, సాధన తొలినాళ్లలో దూరం పెట్టాల్సినవాటిలో నిప్పును కూడా చేర్చింది. శ్రమవల్ల పుట్టిన చెమటను మాత్రం ఒంటికే పట్టించి మర్దించుకోమంది. చెమట శ్రమ నుంచి రావాలి, హీటర్ నుంచి కాదన్నమాట. ఇక గ్రంథాన్ని పక్కన పెట్టి గదిలోకి వెళ్దాం.

మొదటిసారి వెళ్లేవాళ్లకు సాధారణంగా ఉండే భయం ఒకటే: ఒళ్లు వంగదేమో. పక్కనున్నవాళ్లు నుదురు మోకాలికి ఆనిస్తుంటే తమ చేతులు పిక్కల దగ్గరే ఆగిపోతాయేమోనని బెంగ. నిజానికి ఆ గదిలో ఒళ్లు వంగకపోవడం అతి చిన్న సమస్య. అసలు పరీక్ష కండరాలకు కాదు, రక్తానికీ చర్మానికీ.

తలుపు తీసిన క్షణం నుంచే పని మొదలవుతుంది. మామూలు గదిలో ఒళ్లు గాలికంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి వేడి దానంతటదే బయటికి పోతుంది. చర్మం ఉష్ణోగ్రత ఎండలో కూడా 35, 36 డిగ్రీల దగ్గర ఉంటుంది. గది 40 దాటితే ప్రవాహం తిరగబడుతుంది. గాలి, గోడలు, నేల అన్నీ మీకే వేడినిస్తాయి. బయటికి పోయే దారుల్లో ఇక మిగిలింది ఒక్క చెమటే. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం చర్మం నుంచీ లోపలి రక్తం నుంచీ వచ్చే కబుర్లు కలిపి చూసుకుని, నాడుల ద్వారా ఒంటినిండా ఉన్న ఇరవై నుంచి నలభై లక్షల చెమట గ్రంథులకు ఆజ్ఞ పంపుతుంది. ఆసనం ఇంకా మొదలవకుండానే, రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని శ్వాస తీసుకునే మొదటి సాధనలోనే నుదుటిమీద చెమట పట్టేది అందుకే.

ఇక్కడ ఒక లెక్క వేసుకోవచ్చు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో బ్రయాన్ ట్రేసీ బృందం అనుభవమున్న సాధకుల మీద కొలతలు తీసింది. తొంభై నిమిషాల తరగతిలో మగవాళ్లు సగటున 460 కిలోకేలరీలు, ఆడవాళ్లు 330 ఖర్చు చేశారు. ఆసనాల్లో బరువులు ఎత్తి ఎక్కడో పెట్టేది లేదు కాబట్టి ఆ శక్తంతా చివరికి ఒంట్లో వేడిగానే తేలుతుంది. గది నుంచి ఒంట్లోకి చేరే వేడి సుమారు మరో వంద కిలోకేలరీలు వేసుకుందాం. మొత్తం 560. అరవై అయిదు కిలోల మనిషి ఒంటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి దాదాపు 54 కిలోకేలరీలు చాలు. అంటే చెమటే లేకపోతే ఆ తరగతి పూర్తయ్యేసరికి ఒళ్లు పది డిగ్రీలు పెరిగి 47కు చేరాలి. 41, 42 దగ్గరే మెదడు చేతులెత్తేస్తుంది కాబట్టి తరగతి పూర్తవడమన్నది ఉండదు. ఈ దుర్ఘటనను ఆపేది లీటరు నీళ్లు. ఒక లీటరు చెమట చర్మంమీద ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీలను వెంట తీసుకుపోతుంది. లెక్క దాదాపు సరిపోయింది.

సరిపోయింది కానీ, ఆవిరైతేనే. చాపమీదికి కారిన చెమట ఒక్క కేలరీని కూడా తీసుకుపోదు. తువ్వాలుతో తుడిచేసిన చెమటా అంతే. కొత్తవాళ్లు నిమిషానికోసారి మొహం, మెడ తుడుచుకుంటూ ఉంటారు. కళ్లలోకి కారేది తుడుచుకోక తప్పదు గానీ, ఒంటిమీది పల్చటి తడిని అలా ఉండనివ్వడమే మేలు. ధారగా కారుతున్న చెమటను చూసి ఎంత బాగా పనిచేస్తోందో అని మురిసిపోయేవాళ్లున్నారు. అది నిజానికి గాలి మోయలేక వదిలేసిన సరుకు.

గాలి ఎంత మోయగలదన్నది తేమను బట్టి ఉంటుంది. తడి చర్మం దగ్గరి ఆవిరి ఒత్తిడికీ గదిలోని ఆవిరి ఒత్తిడికీ మధ్య తేడాయే చెమటను లాగే బలం. 40.6 డిగ్రీల దగ్గర తేమ 40 శాతముంటే ఆ తేడా బాగానే ఉంటుంది. అదే వేడిలో తేమ 60 శాతానికి పెరిగితే తేడా సగం కంటే తక్కువకు పడిపోతుంది. ఉష్ణమాపకంలో అంకె మారదు, గది మాత్రం వేరే గది అయిపోతుంది. మే నెలలో విజయవాడలో ఉన్నవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. రామగుండంలో 45 డిగ్రీల పొడి ఎండలో తిరిగినవాడు కూడా కృష్ణ ఒడ్డున 40 డిగ్రీల ఉక్కపోతలో నీరసించిపోతాడు.

స్టూడియోల్లో ఈ విషయాన్ని ఎవరూ పట్టించుకోరని నా అనుమానం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదినే తీసుకోండి. 300 ఘనమీటర్ల గాలి. 40 డిగ్రీల చిల్లర వేడిలో ఆ గాలి నిండా తేమ పట్టినా అందులో ఇమిడేది పదహారు లీటర్ల నీరే. 40 శాతం దగ్గర అప్పటికే ఆరు లీటర్ల చిల్లర ఉంటుంది. ఇంకా పట్టేది పది లీటర్ల లోపు. ఇరవై అయిదు మంది తలా ఒక లీటరు ఆవిరి చేయాలంటే ఆ గాలి చాలదు. మార్చాలి, అదీ తరగతి మధ్యలో పలుమార్లు. మొదటిసారి స్టూడియో చూడ్డానికి వెళ్లినప్పుడు గోడమీద డిగ్రీల బోర్డు కంటే గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో చూసుకోండి. కిటికీలకు ప్లాస్టిక్ అంటించి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కిన గది అయితే వెనక్కి తిరిగి రావడానికి సిగ్గుపడక్కర్లేదు. వెళ్లాలనే ఉంటే తలుపుకు దగ్గరగా చాప పరుచుకోండి.

చెమటకు నీళ్లెక్కడివి? రక్తంలోవి. వేడిని కండరాల నుంచి చర్మం దాకా మోసుకొచ్చేది కూడా రక్తమే. మామూలుగా విశ్రాంతిలో గుండె నిమిషానికి అయిదు లీటర్ల రక్తాన్ని తోస్తే అందులో చర్మానికి వెళ్లేది అర లీటరు లోపే. తీవ్రమైన వేడిలో ఆ వాటా నిమిషానికి ఆరేడు లీటర్ల దాకా పోగలదు. అదే సమయంలో తొడలూ నడుమూ తమ వాటా తమకు కావాలంటాయి. ఉన్న రక్తం పెరగలేదు, పైగా చెమట రూపంలో తరిగిపోతోంది. శరీరం అప్పుడు రెండు పనులు చేస్తుంది. గుండె వేగం పెంచుతుంది, పొట్టకూ పేగులకూ మూత్రపిండాలకూ వెళ్లే రక్తాన్ని బిగిస్తుంది. తరగతి మధ్యలో కడుపులో తిప్పినట్టుండేది ఈ రెండో పనివల్లే. తిని రెండు మూడు గంటలు కూడా కాకుండా వెళ్తే ఆ ఇడ్లీలే శత్రువులవుతాయి.

కళ్లు బైర్లు కమ్మడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. వేడికి చర్మంలోని రక్తనాళాలు విప్పారి ఉంటాయి. నిలబడి ఉన్నప్పుడు రక్తం కాళ్లలో నిలిచిపోతుంది, గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది. ఈ స్థితిలో పాదహస్తాసనంలో తల కిందికి వంచి చటుక్కున పైకి లేస్తే రక్తపోటు ఒక్కసారిగా జారి, మెదడుకు అందాల్సింది అందదు. బిక్రమ్ వరుసలో నిలబడి వేసే ఆసనాలు మొదటి సగం నిండా ఉన్నాయి. కొత్తవాళ్లు సాధారణంగా అక్కడే తూలుతారు. ఆ భాగం దాటి శవాసనంలో వెల్లకిలా పడుకోగానే ప్రాణం లేచొచ్చినట్టుండడంలో ఆధ్యాత్మికత ఏమీ లేదు. కాళ్లూ గుండే ఒకే ఎత్తులోకి వచ్చాయి, అంతే. చివర్లో ఉష్ట్రాసనం మళ్లీ ఓ దెబ్బ తీస్తుంది. మోకాళ్లమీద నిలిచి వెనక్కి వంగి మడమలు పట్టుకున్నప్పుడు తల వెనక్కి వేలాడుతుంది. దాన్నుంచి లేచేటప్పుడు తొందరపడితే వికారం, తల తిరగడం, ఒక్కోసారి కారణం తెలియని ఏడుపు. ఆ ఏడుపును గుండెలోని బాధలు కరిగిపోవడంగా చెప్పే గురువులకు కొదవలేదు. రక్తపోటు సంగతి ముందు చూసుకుంటే మంచిది.

ఇంత కష్టంలో లోపలి ఉష్ణోగ్రత ఎక్కడిదాకా పోతుంది? 2015లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, లా క్రాస్ పరిశోధకులు అలవాటున్న ఇరవై మందిచేత ఉష్ణోగ్రతను రేడియో ద్వారా తెలిపే మాత్ర మింగించి బిక్రమ్ తరగతి చేయించారు. మగవాళ్లలో గరిష్ఠ సగటు 39.6 డిగ్రీలు, ఆడవాళ్లలో 38.9. ఒకరికి 40 దాటింది. జ్వరమైతే ఆ అంకె చూసి ఇంట్లోవాళ్లు తడిగుడ్డ పట్టుకుని పరిగెత్తుతారు. జ్వరంలో శరీరమే వేడిని పెంచుకుంటుంది, ఇక్కడ వదిలించుకోవడం చేతకాక వేడి పెరుగుతోంది. ఇదే సంస్థ అంతకుముందు 33 డిగ్రీల గదిలో చేయించిన యోగాలో మాత్రం మామూలు గదికీ వేడి గదికీ లోపలి ఉష్ణోగ్రతలో తేడా కనబడలేదు. అంటే వెచ్చటి గది వేరు, వేడి గది వేరు. మొదటిసారి వెళ్లేవాళ్లకు 32, 33 డిగ్రీలతో నడిచే తరగతి దొరికితే దాంతో మొదలుపెట్టడం తెలివైన పని.

లోపలి వేడి 40 దాటి, మనిషి తికమకగా మాట్లాడుతూ, అడుగులు తడబడుతుంటే అది వడదెబ్బే, ఎండ లేకపోయినా. చెమట పడుతోంది కదా అని ధీమా పడకూడదు. శ్రమవల్ల వచ్చే వడదెబ్బలో చెమట ధారగా కారుతూనే ఉండొచ్చు. మంచి వేడిలో ఉండగా ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకుని చలేస్తే, తలలో పోటు మొదలైతే, ఆసనం పూర్తయ్యేదాకా ఆగొద్దు. బయటికి వచ్చెయ్యాలి. కొన్నిచోట్ల మధ్యలో గది వదలడాన్ని తప్పుగా చూస్తారు. బిక్రమ్ తన గదిని చిత్రహింసల గది అని తానే గొప్పగా చెప్పుకునేవాడు. తరగతి మధ్యలో బయటికి వెళ్లనివ్వని చోట చందా కట్టడానికి నాకు ఒక్క కారణం కూడా కనబడదు. గర్భిణులకు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, ఈ గది పనికిరాదు. లోపలి వేడి 39 దాటడం శిశువు వెన్నుపాము ఎదుగుదలకు ప్రమాదం. గుండెజబ్బు ఉన్నవాళ్లు, మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు, గుండె వేగం తగ్గించే మందులు వాడేవాళ్లు, జలుబుకు అలర్జీ మాత్ర వేసుకున్నవాళ్లు కూడా ముందు డాక్టర్ని అడగాలి. ఆ చిన్న అలర్జీ మాత్రల్లో కొన్ని చెమట గ్రంథుల నోరు నొక్కుతాయి.

నీళ్ల విషయంలో జనం రెండు చివరలకూ పోతారు. అసలు తాగకుండా వెళ్లేవాళ్లు ఒకవైపు, భయంకొద్దీ మూడు నాలుగు లీటర్లు పట్టించేవాళ్లు ఇంకోవైపు. రెండోది తక్కువ ప్రమాదం కాదు. చెమటలో ఉప్పు పోతుంది, లోపలికి వట్టి నీళ్లు పోతాయి, రక్తంలో సోడియం పలచబడుతుంది, మెదడు కణాలు ఉబ్బుతాయి. వేడి యోగా తరువాత అతిగా నీళ్లు తాగి మూర్ఛ వచ్చిన కేసు వైద్య పత్రికల్లో నమోదై ఉంది. రోజంతా మామూలుగా తాగుతూ, తరగతిలో దాహమేసినంత తాగి, తరువాత ఉప్పేసిన మజ్జిగ తాగడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. పొలానికి తరవాణి కుండతో వెళ్లినవాళ్లకు సోడియం సిద్ధాంతం తెలియకపోయినా పని సరిగ్గానే జరిగింది.

ఇక లాభాల సంగతి. చెమటతో విషాలు బయటికి పోతాయన్న మాట ప్రతి స్టూడియో గోడమీదా ఉంటుంది. చెమటలో 99 శాతం నీళ్లు, తక్కినదాంట్లో ఎక్కువ భాగం ఉప్పు. విషాల పని కాలేయానిది, మూత్రపిండాలది. మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. ఒక లీటరు చెమట ఆ పోటీలోకి దిగడమే విడ్డూరం. తరగతి అయ్యాక తూకం యంత్రం కిలో తగ్గినట్టు చూపించినా, అది రెండు గ్లాసులు, మూడు గ్లాసులుగా సాయంత్రానికి తిరిగొచ్చే కిలో. తరగతికి వెయ్యి కేలరీలన్న ప్రచారం ట్రేసీ కొలతలతో సగానికి కూడా నిలబడలేదు. 460 అంటే గంటన్నర చురుగ్గా నడిచినంత. గుండె దడదడలాడింది కాబట్టి చాలా శ్రమపడ్డామనిపిస్తుంది. ఆ దడలో ఎక్కువ భాగం చర్మం కోసం పడిన పాటు.

ఒళ్లు వంగడం మాత్రం నిజంగా తేలికవుతుంది. వెచ్చబడ్డ కండరం బిగువు సడలుతుంది, దాన్ని చుట్టిన కొల్లాజెన్ పొరలు కాస్త సాగుతాయి. అయితే లోపలి కండరం ఎంతో వేడెక్కదు, ఒకటి రెండు డిగ్రీలే. మొదటి రోజే వేళ్లు నేలకు తగిలాయంటే స్నాయువు పొడుగైందని కాదు, లాగుడును నొప్పిగా గుర్తించే గీతను నాడీవ్యవస్థ కాస్త వెనక్కి జరిపిందని. అందులోనే చిక్కుంది. నొప్పి ఒక కాపలా. వేడి ఆ కాపలాను కునికేలా చేస్తుంది. మోకాలి వెనక, నడుము కింద సాగదీసింది ఎంతో ఆ పూట తెలియదు, మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. పుట్టుకతో కీళ్లు వదులుగా ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ.

వేడే మందా, యోగాయే మందా అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో చక్కగా జవాబు వెతికిన ప్రయోగం టెక్సస్ స్టేట్ యూనివర్సిటీలో స్టేసీ హంటర్ బృందానిది, 2018లో అచ్చయింది. వ్యాయామం అలవాటు లేని మధ్యవయస్కుల్లో కొందరికి 40.5 డిగ్రీల గదిలో, మరికొందరికి 23 డిగ్రీల గదిలో అవే బిక్రమ్ ఆసనాలు పన్నెండు వారాలపాటు వారానికి మూడుసార్లు చేయించారు. రక్తం పారినప్పుడు ధమని ఎంత విప్పారుతుందో కొలిచారు. గుండె ఆరోగ్యానికి అది మంచి ఆనవాలు. రెండు గదులవాళ్లకూ మెరుగైంది. వేడి అదనంగా ఏమీ కలపలేదు. ఒంట్లో కొవ్వు శాతం మాత్రం వేడి గదివాళ్లలో కాస్త తగ్గింది. 2023లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు దిగులుజబ్బు ఉన్నవాళ్లకు ఎనిమిది వారాలు వేడి యోగా చేయించినప్పుడు దాదాపు అరవై శాతం మందికి లక్షణాలు సగానికి తగ్గాయి. ఎదురుచూసే జాబితాలో ఉంచినవాళ్లలో ఆ మెరుగుదల ఆరు శాతం మందికే. గట్టి ఫలితమే. అయితే పోల్చింది ఏమీ చేయనివాళ్లతో, చల్లటి గదిలో యోగా చేసినవాళ్లతో కాదు. కాబట్టి వేడి వాటా ఎంతో ఈ లెక్కలో బయటపడదు. అంతదాకా, డబ్బు కట్టేది వేడికి, ఫలితమిచ్చేది చాలావరకు ఆసనాలు అనే నేను అనుకుంటున్నాను.

వేడి ఇచ్చేదంటూ ఒకటి కచ్చితంగా ఉంది: వేడికి అలవాటు. వరసగా ఒకటి రెండు వారాలు వేడిలో శ్రమిస్తే రక్తంలో ద్రవం పెరుగుతుంది, అదే పనికి గుండె తక్కువ కొట్టుకుంటుంది. చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చెమట గ్రంథి బయటికి వదిలే ముందే సోడియాన్ని వెనక్కి లాగేసుకోవడం నేర్చుకుంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణాఫ్రికా బంగారు గనులు కొత్త కూలీల్ని ముందు వేడి గదుల్లో అలవాటు చేసి మరీ లోతుకు దించేవి. వడదెబ్బ చావులు మొదటి షిఫ్టుల్లోనే ఎక్కువన్నది అక్కడివాళ్లు అనుభవంతో తెలుసుకున్నారు. అమెరికా కార్మిక భద్రతా శాఖ లెక్కల్లోనూ ఇదే కనబడుతుంది. పనిచోట వేడివల్ల జరిగే మరణాల్లో దాదాపు సగం ఆ మనిషి పనిలోకి వచ్చిన మొదటి రోజునే, 70 శాతానికి పైగా మొదటి వారంలోనే. అందుకే కొత్త కూలీకి మొదటి రోజు పూర్తి పనిలో అయిదోవంతే ఇమ్మని, రోజుకు మరో అయిదోవంతుకు మించి పెంచవద్దని అక్కడి సలహా. మన దగ్గర రోహిణి కార్తె నాటికి పొలంలో ఉండే మనిషి ఫిబ్రవరి చివరి నుంచీ మెల్లగా ఎండెక్కుతూ వచ్చినవాడు. ఏసీ గదిలోంచి మే నెలలో ఒక్కసారిగా బయటపడినవాడికి ఆ మూడు నెలల శిక్షణ లేదు. 2015 మే వడగాలుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలవాటున్నవాళ్లు కూడా పెద్ద సంఖ్యలో చనిపోయారు, అంటే అలవాటుకూ ఒక హద్దుంది.

ఈ అయిదోవంతు సూత్రాన్ని స్టూడియోకు తెచ్చుకుంటే మొదటి రోజు ఎలా గడపాలో తేలిపోతుంది. తొంభై నిమిషాల్లో పద్దెనిమిది నిమిషాలు పనిచేసి, తక్కిన సమయమంతా చాపమీద కూర్చోవడం లేదా పడుకోవడం. ప్రతి ఆసనం రెండుసార్లు చేయిస్తారు కాబట్టి ఒకసారి చేసి రెండోసారి కూర్చుంటే సగం పని తగ్గుతుంది. అది కూడా మొదటి రోజుకు ఎక్కువే. నేర్పేవాళ్లు పేరుపెట్టి పిలిచి లేవమంటే చిరునవ్వు నవ్వి కూర్చునే ఉండొచ్చు.

వేడికి వచ్చిన ఈ అలవాటు నిలవుండే సరుకు కాదు. వేడి మానేసిన రోజు నుంచీ రోజుకు రెండున్నర శాతం చొప్పున కరుగుతూ పోతుంది, నెల తిరిగేసరికి చాలామటుకు మాయం. మళ్లీ మొదలుపెడితే మాత్రం మొదటిసారికంటే త్వరగా తిరిగొస్తుంది. చికాగోలోనో డాలస్‌లోనో ఉంటూ మే నెలలో పెళ్లికి విజయవాడ రావాల్సినవాళ్లకు ఇక్కడో చిన్న ఉపయోగం కనబడుతోంది. ప్రయాణానికి ముందు రెండు మూడు వారాలు వేడి గదికి వెళ్తే, కొంతమేరకైనా ఒళ్లు సిద్ధమవుతుంది. పూర్తిగా కాదు, ఎందుకంటే వారానికి మూడు పూటలు రోజూ ఎండలో ఉన్నదానితో సమానం కాదు. పైగా పెళ్లిపందిట్లో పట్టుచీర, పట్టుపంచె కట్టుకుని హోమం ముందు కూర్చున్నవాళ్ల చెమటకు గాలి తగిలే దారే ఉండదు.